భ్రమరకీటక న్యాయము - మా పెరటి ఆముదపు చెట్టు



భ్రమరకీటక న్యాయమును మనలో ఎరుగనివారుండరు. తుమ్మెద యొక పురుగును తెచ్చి మంటిగూటిలో నుంచి రొదచేయగా, ఆ పురుగు భయముచే దానినే ధ్యానించి తానును తుమ్మెద యగునని పెద్దలు చెప్పిరి. నేను సాహిత్యము చదివినవాడనే గాని జంతుశాస్త్రము చదివినవాడను గాను. అందుచే నలువదియేండ్లు దాటువరకు ఈ మాటను శంకింపనైతిని.

రాయపూరులో మా యింటి పెరట ఒక ఆముదపు చెట్టు కలదు. విత్తనము మా అత్తగారు పాలమూరినుండి తెచ్చినది. నిరుడు వానకారున దాసరిపురుగులు దాని ఆకులను జల్లెడ చేసినవి. కొన్ని పురుగుల తోకకడ చిన్న గింజవంటి దొకటి అంటుకొని యుండెను. అవి పురుగు గ్రుడ్లని తలచి, అన్నిటిని నేలరాల్చి చెప్పుకాలితో నలిపివేసితిని. మా అమ్మాయి పుస్తకము తెచ్చి చూపినపిమ్మటగాని నా తప్పు నాకు తెలియలేదు.

అది గ్రుడ్డు కాదు. మైక్రోప్లైటిస్ అను చిన్న కందిరీగ జాతి గూడు. తల్లియీగ లేతపురుగు శరీరములో గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డుతోబాటు ఒక విధమగు వైరసును గూడ చొప్పించి ఆ పురుగు రోగనిరోధకశక్తిని అణచును. లోపలి పిల్ల దాని రసములను త్రాగి పెరిగి, వెలికి వచ్చి గూడల్లుకొనును. పురుగు వెంటనే చావదు. కాని మేత మానును. కొన్నాళ్ళకు గూటినుండి రెక్కలతో కందిరీగ వెడలును.

మంటిగూటి కథయు ఇట్టిదే. మన పెద్దలు తుమ్మెద యన్నది కందిరీగయే. అది పురుగును కుట్టి కదలకుండ జేసి, తన పిల్లకు మేతగా దాచును. పురుగు తుమ్మెద కాలేదు. తుమ్మెద పిల్లకు ఆహారమైనది.

దయామయుడగు దేవుడు ఇట్టి యీగలను బుద్ధిపూర్వకముగ సృజించెనని నమ్మజాలనని 1860లో డార్విన్ తన మిత్రుడగు ఆసా గ్రేకు వ్రాసెను. ఆముదము పండించు రైతు చూపు వేరు. మొక్కకు ఒకటి రెండు గూళ్ళు కనబడినచో పురుగుమందు చల్లవలదని వ్యవసాయశాస్త్రజ్ఞులు హితవు చెప్పుదురు. మందు పురుగుతోబాటు ఈ మిత్రుని గూడ చంపును.

న్యాయములోని వేదాంతార్థమును కాదనుటకు నే నెంతవాడను? ధ్యానించినదానివలె మనసు మారుననుట నేటికిని సత్యమే. అయినను పోలిక వేరు, పురుగు వేరు.

ఈ యేడు మా చెట్టుపై మరల మూడు గూళ్ళు కనబడినవి. అత్తగారు బూడిద చల్లబోగా, "ఆగుడమ్మా, అవి మనవే" యంటిని. మీ పెరళ్ళలోను నలుపుటకు ముందొకసారి వంగి చూడుడని మనవిచేయుచు సెలవు గైకొనుచున్నాను.