నల్లార్బర్ దారిలో అమ్మ లేసు

మొన్నామధ్య రెండు కాంట్రాక్టుల మధ్య ఆరు వారాలు ఖాళీ దొరికితే, కారవాన్ అద్దెకు తీసుకుని అడిలైడ్ నుంచి పెర్త్ బయల్దేరాం. నాన్న పోయాక మొదటిసారి ఆస్ట్రేలియా వచ్చిన అమ్మ కూడా మాతోనే. మనిషి ఉందన్న మాటే గానీ నోట మాట లేదు.

పడమటికి వెళ్ళేవాళ్ళు బోర్డర్ విలేజ్ తనిఖీలో పచ్చి కూరలు, పళ్ళు, తేనె వదిలెయ్యాలి. పారెయ్యడానికి అమ్మ ఒప్పుకుంటేనా! ముందు రాత్రే ఉన్న కూరలన్నీ వేసి ముక్కల పులుసు పెట్టింది. అంత రుచిగా ఇంట్లో ఎప్పుడూ తిన్నట్టు గుర్తు లేదు.

కైగునా దాటాక 146.6 కిలోమీటర్లు మలుపే లేని రోడ్డు. అక్కడ అమ్మ సంచిలోంచి దారం ఉండ, లేసు అల్లే సూది తీసింది.

మాది నర్సాపురం దగ్గర పల్లె. అమ్మ లేసు అల్లి నన్ను చదివించింది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, ఉండకి ఇంతని కూలి. ఆ ఆడవాళ్ళు చేసేదాన్ని ఎవరూ పనిగా లెక్కెయ్యరని మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు. (అమ్మా అంతే, "ఊరికే కూర్చోలేక" అనేది.)

"ఎవరికమ్మా?" అన్నాను.

"ఎవరికీ కాదు, నాకే."

మా ఇంట్లో ఒక్క లేసు గుడ్డ కూడా ఉండేది కాదని అప్పుడు తట్టింది.

నార్స్‌మన్ చేరేసరికి అరచేయంత అయింది. ఎక్కడో లెక్క తప్పిందని మొత్తం విప్పేసింది. అయ్యో అన్నాను.

"తొందరేముందే, మళ్ళీ అల్లుతా," అంది.