హజ్రత్ దావూద్ వినమ్రత - మన ఇళ్ళలో గర్వం

(నంద్యాలలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వినమ్రత గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. లేనివాడికి వినమ్రంగా వుండమని చెప్పనక్కర లేదు. వాని బతుకే వాణ్ణి వంచుతుంది. అధికారమో, ఆస్తో, వంశమో వున్నవానికే ఈ పాఠం అవసరం. అందుచేత ఒక రాజుగారి జీవితాన్ని ఎంచుకున్నాం. ఆయన హజ్రత్ దావూద్ అలైహిస్సలాం. మనం ఆయనను జబూర్ గ్రంథం పొందిన ప్రవక్తగా గౌరవిస్తాం. క్రైస్తవ సోదరులు దావీదు మహారాజు అంటారు.

బైబిలు ప్రకారం ఆయన బెత్లెహేము వాసి యెష్షయి కుమారుల్లో చివరివాడు, గొర్రెలు కాసే కుర్రవాడు. సమూయేలు ప్రవక్త కాబోయే రాజును వెతుక్కుంటూ ఇంటికి వస్తే, తండ్రి మిగతా కొడుకులను వరుసగా చూపించాడు గానీ, పొలంలో వున్న ఈ చిన్నవాణ్ణి పిలవనే లేదు. అడిగిన తర్వాతనే కబురు పంపాడు. ఆయనకు ముందు రాజైన తాలూత్ విషయంలోనూ ఇదే జరిగింది. అతనికి ధనమేదీ, మాకంటే అతనేమి అర్హుడని జనం అభ్యంతరం చెప్పారని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో వున్నది. అల్లాహ్ చూసింది జ్ఞానాన్నీ, దేహబలాన్నీ. జనం చూసింది డబ్బు సంచిని.

ఆ గొర్రెల కాపరే జాలూత్‌ను పడగొట్టాడు. రాజ్యమూ, వివేకమూ పొందాడు. రాజైన తర్వాత ఏం చేశాడన్నదే మనకు ముఖ్యం. అల్లాహ్ ఆయన చేతికి ఇనుమును మెత్తన చేశాడు. కవచాలు అల్లే పని నేర్పాడు. ఆయన తన చేతి కష్టం మీదనే భోజనం చేసేవారని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. ఖజానా వున్న రాజు ఇనుప పని చేసుకుని అన్నం తిన్నాడు. ఆ పని ఆయనకు చిన్నతనం అనిపించలేదు.

ఇప్పుడు మన సీమ సంగతికి వద్దాం. నంద్యాల నల్లరేగడి పత్తికి పెట్టింది పేరు. ఇక్కడ 1906లోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం వెలిసింది. ‘నరసింహ’ అనే పత్తి రకం ఇక్కడిదే. పత్తి వున్న చోట దూది ఏకేవాళ్ళు వుంటారు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, ఇంటి అరుగు మీద కూర్చుని, దుమ్మంతా తాము మింగి మన పరుపులు మెత్తన చేసిన వాళ్ళు మన దూదేకుల సోదరులు. పింజారీ అనీ, నూర్‌బాషా అనీ కూడా పిలుస్తాం. యంత్రాలు వచ్చి, స్పాంజి పరుపులు వచ్చి ఆ విల్లు అటకెక్కింది. పని పోయింది గానీ ఆ పని పేరుతో మనం చూసే చిన్నచూపు పోలేదు. ప్రభుత్వం లెక్కల్లో దూదేకుల వారు బి.సి.-బి. మనలో మరికొందరు 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ. ఆ లెక్కలు రిజర్వేషన్ల కోసం. నమాజులో నిలబడే వరుసకు అటువంటి లెక్క లేదు. మరి పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వస్తున్నది?

ఇది ఎవరినో ఉద్దేశించి అంటున్న మాట కాదు. మేము చేసిన తప్పే చెబుతున్నాం.

కొన్నేళ్ళ క్రిందట నంద్యాలలో ఒక ఆడపిల్ల తండ్రి మా దగ్గరికి సలహాకు వచ్చాడు. అబ్బాయిది ఆళ్ళగడ్డ. చదువుకుని, ఉద్యోగంలో కుదురుకున్నవాడు. తండ్రి పరుపులు కుడతాడు, తాత దూది ఏకినవాడు. మేము అబ్బాయి నడవడి అడగలేదు, నమాజు అడగలేదు. “అన్నీ బాగానే వున్నాయి గానీ, ఖాన్‌దాన్ చూసుకోండి భాయ్” అన్నాం. అంతే. ఆ ఒక్క మాటతో సంబంధం చెడిపోయింది.

తర్వాత కొంత కాలానికి ఆళ్ళగడ్డలో ఒక సభలో మాట్లాడాం. దావూద్ ప్రవక్త చేతి కష్టం గురించే మాట్లాడాం. జనం మెచ్చుకున్నారు. సభ ముగిశాక ఒక పెద్దమనిషి దగ్గరకొచ్చి సలాం చేశాడు.

“బాగా చెప్పినారన్నా. దావూద్ నబీ గారు ఇనుప పని చేస్తే గొప్ప. మా నాయన దూది ఏకితే మా పిల్లోనికి పిల్లనియ్యకుండా చేసినారు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో యెట్లా చెప్పినారన్నా?”

ఆయన గొంతు పెంచలేదు. చుట్టూ వున్నవాళ్ళకు వినపడనివ్వలేదు. మేము “అది పెద్దల ఆచారం” అని ఏదో గొణిగి బస్సెక్కాం. ఇంటికొచ్చి చెబితే మా అబ్బాయి, “అబ్బా, తప్పు మనదే” అన్నాడు. వాని మీద కేకలు వేశాం.

ఆ రాత్రి స్వాద్ సూరాలోని వృత్తాంతం గుర్తుకొచ్చింది. దావూద్ (అలైహిస్సలాం) ఆరాధనలో వుండగా ఇద్దరు గోడ దూకి లోపలికి వచ్చారు. తన సోదరునికి తొంభై తొమ్మిది గొర్రెలున్నాయనీ, తనకున్న ఒక్కదాన్నీ ఇమ్మని మాటలతో లొంగదీశాడనీ ఒకడు ఫిర్యాదు చేశాడు. ఇది అన్యాయమని రాజు తీర్పు చెప్పాడు. చెప్పిన వెంటనే ఇది తనకే పెట్టిన పరీక్ష అని గ్రహించాడు. క్షమాపణ వేడుకుని నేలకు వంగాడు. బైబిలులో కూడా, పేదవాని ఒక్క గొర్రెపిల్ల కథ చెప్పి నాతాను ప్రవక్త రాజును నిలదీసినట్టున్నది. ఆ వృత్తాంతం వివరాల్లోకి మనం పోము. ప్రవక్తల పట్ల మనకు మర్యాద వున్నది. రెండు చోట్లా కనిపించే సంగతి ఒకటే: తప్పు ఎత్తి చూపితే రాజు వాదించలేదు.

మరొక సంగతి. ఒకని మేకలో గొర్రెలో రాత్రివేళ ఇంకొకని చేలో పడి మేశాయి. ఇది మన పల్లెల్లోనూ జరిగే తగాదాయే. ఆ వ్యాజ్యంలో తండ్రి తీర్పు కంటే కొడుకు సులైమాన్ చెప్పిన తీర్పే మేలుగా వున్నదని వ్యాఖ్యాతలు రాశారు. కొడుకు సరిదిద్దాడని తండ్రి పెద్దరికం తగ్గలేదు. మేమేమో కొడుకు మీద కేకలు వేశాం!

సోదరులారా! మొదటి గర్వం ఇబ్లీసుది. తాను అగ్గి నుంచి పుట్టాననీ, ఆదం మట్టి నుంచి పుట్టాడనీ వాడన్నాడు. అది పుట్టుక గర్వమే గదా! “ఖాన్‌దాన్ చూసుకోండి” అన్న మా మాట ఏ వైపుకు చేరుతుందో మీరే ఆలోచించండి.

దావూద్ ప్రవక్త అక్కడికక్కడే వంగారు. మాకు రెండు నెలలు పట్టింది. చివరకు మా అబ్బాయిని వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ పోయాం. ఆయన చాప పరిచి, చాయ్ ఇచ్చి, “ఇంత దూరం వచ్చినారు, అదే చాలన్నా” అన్నాడు. కానీ అది చాలదు. అమ్మాయికి అప్పటికే వేరే చోట నిశ్చయమైంది. చెడిన సంబంధాన్ని మా క్షమాపణ తిరిగి తేలేకపోయింది.

అందుచేత ఈ సభ ముందు ఒక్క ప్రతిపాదన వుంచుతున్నాం. మన సంఘంలో సంబంధాల కోసం రాసే పుస్తకంలో ‘ఖాన్‌దాన్’ అని ఒక గడి వున్నది. దాన్ని కొట్టివేద్దాం. ఆ స్థానంలో ‘నడవడి’ అని రాద్దాం. అబ్బాయి ఏ పని చేస్తున్నా, అది హలాల్ అయితే గౌరవంగా రాద్దాం. పెద్దలకు కష్టంగా తోస్తే, ఇంటికి పోయి పిల్లలను అడగండి. వాళ్ళు చెప్పేది ఓపికగా వినండి.

అల్లాహ్ మన మెడలకు వంగే గుణాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.