రింగ్ కొత్తది, బోల్టులు పాతవా?

ఫ్రెండ్స్, ఇది ట్రాక్ కార్లకి వాడే టూ-పీస్ బ్రేక్ డిస్క్. మధ్యలో అల్యూమినియం హ్యాట్, చుట్టూ ఇనుప రింగ్. రెండింటినీ కలిపేవి ఈ చిన్న బోల్టులు, బాబిన్లే. గంటకి 200లో బ్రేక్ తొక్కితే ఆ బలమంతా వీటి మీదుగానే చక్రానికి వెళ్లాలి!

పైగా 330 మిల్లీమీటర్ల రింగ్ 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానికి చోటిచ్చేది బాబినే. అది పట్టేస్తే రింగ్ వంకరపోవచ్చు.

అందుకే రింగ్ మార్చినప్పుడల్లా నేను సెట్ మొత్తం కొత్తదే వేస్తా. విప్పిన లాక్ నట్‌కి మునుపటి పట్టుండదు. బజార్లో సైజు కుదిరే బోల్టు చవగ్గా దొరుకుతుంది... వద్దు బాబూ! ఇంపాక్ట్ గన్ కూడా పక్కన పెట్టండి. టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు బోల్టులు, తయారీదారు చెప్పిన లెక్కకే బిగించండి.

ఫ్లోటింగ్ రకంలో కొంచెం టకటక మామూలే. హ్యాట్ రంధ్రాలు సాగి కనిపిస్తే మాత్రం హ్యాట్ కూడా మార్చాల్సిందే.