బ్రిస్టల్ ‘క్రొత్త గది’ – ఒక మందిరపు అప్పు కథ

(శతవార్షికోత్సవ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు కట్టిన మందిరములను గూర్చి ఈ ఉత్సవములలో చాలమంది మాట్లాడినారు. మేము మిమ్ములను కొంచెము దూరము, ఇంగ్లాండులోని బ్రిస్టల్ రేవు పట్టణమునకు తీసికొనిపోదలచినాము. వెస్లియన్ మిషను ద్వారా సువార్తనందుకొన్న మెదక్ ప్రాంతపు సంఘములకు అక్కడి ఒక మందిరము తాతగారి ఇల్లు వంటిది.

దాని పేరు ‘న్యూ రూమ్’, అనగా క్రొత్త గది. 1739 ఏప్రిల్‌లో జాన్ వెస్లీగారు ఆ ఊర బయలు ప్రసంగములు ప్రారంభించినారు. మే నెలలో పునాది పడినది. జూన్‌లోనే అందులో కూడుకొన్నారు! (మన బిల్డింగు కమిటీలు ఈ సంగతి గమనింతురు గాక.) 1748లో దానిని పెంచి కట్టినారు. మెథడిస్టు మందిరములలో ప్రపంచములో ఇదే మొదటిది.

దానికి గోపుర శిఖరము లేదు. క్రింద వీధివైపు కిటికీలు లేవు. ఆ రోజులలో అల్లరిమూకలు రాళ్లు రువ్వేవి. అందుచేత వెలుతురు పైకప్పు నడుమనున్న ఎనిమిది పలకల అద్దాల గూటినుండి దిగుతుంది. ప్రసంగ వేదికకు దారి మేడమీదినుండి. ఆ మేడమీదనే బోధకుల గదులు; అక్కడినుండి క్రింది ఆరాధనను చూచుటకు లోకిటికీలు. 1746 నుండి బీదలకు మందులు కూడ అక్కడ ఇచ్చినారు. వెస్లీగారు కడవరకు ఆంగ్లికన్ గురువుగానే ఉన్నారు. అయినను ఈ గదిలో పుట్టినది వేరొక సంఘమే.

కట్టడము లేచినది, అప్పు మిగిలినది. 1742 ఫిబ్రవరి 15న సభ్యులు కూడి ఆలోచించినారు. కెప్టెన్ ఫోయ్ అనువారు, అప్పు తీరువరకు ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వవలెనన్నారు. చాలమంది బీదలు, ఇవ్వలేరని మరొకరన్నారు. అందుకు ఫోయ్‌గారు, మిక్కిలి బీదలైన పదకొండుగురిని తనకు అప్పగించమనీ, వారియొద్ద లేకపోతే వారి వంతు కూడ తానే కట్టెదననీ చెప్పినారు. మిగిలినవారు కూడ పదకొండుగురేసి పొరుగువారిని వారవారము చూడవలెనన్నారు.

అట్లు పెన్నీ కొరకు గడప త్రొక్కినవారికి ఇంటిలోని సంగతులు తెలిసినవి. ఒకచోట త్రాగుడు, ఒకచోట కలహము. వసూలుదారులు కాపరులైనారు. మన పెద్దలెరిగిన ‘క్లాసు’ కూటము ఈ విధముగా పుట్టినది.

మేమును చందా పుస్తకము పట్టుకొని తిరిగినవారమే. దాచుట ఎందుకు? ఇవ్వగలవారి ఇండ్లకు రెండుమారులు పోయినాము. ఇవ్వలేరని తెలిసిన ఇండ్లను, వారిని సిగ్గుపెట్టకూడదని చెప్పుకొని, దాటిపోయినాము. అట్టి ఇంటిలోని ఒక ముసలమ్మ తరువాత మమ్ములను చూచి, “అయ్యగారూ, మందిరము మాది కాదా?” అని అడిగినది. మేము జవాబు చెప్పలేకపోయినాము.

న్యూ రూమ్ 1808లో వెల్ష్ మెథడిస్టుల చేతికి పోయినది. 1929లో మెథడిస్టులు మరల కొని బాగుచేయించినారు. ఈనాటికీ అక్కడ ఆరాధన జరుగుచున్నది.