పేదల ఇంటికీ ఒక మల్గీ కావాలి



మసీదు కట్టిన మన పెద్దలు దాని పక్కనే నాలుగు మల్గీలు కూడా కట్టించేవారు. దీపం, నీళ్లు, సున్నం, మరమ్మతు అన్నీ ఆ కిరాయితోనే నడిచేవి. వక్ఫ్ రాబడిలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే అని హనఫీ ఫిఖ్ చెబుతుంది. పేదల ఇళ్లకూ అదే పద్ధతి కావాలని మీకు మనవి చేస్తున్నాం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ డబుల్ బెడ్‌రూం కాలనీలు వచ్చాయి. తాళంచెవి ఇచ్చిన రోజు అందరం ఉంటాం. పైపు కారిన రోజు ఆ ఇల్లాలు ఒక్కతే ఉంటుంది.

ఇళ్లు కట్టే తీరు కూడా మారుతోంది. 2023 జూన్‌లో ప్రారంభమైన సంగారెడ్డి జిల్లా కొల్లూరులోని 15,660 ఇళ్లను, తుంగభద్ర దాటితే కర్నూలు జగన్నాథగట్టు మీది టిడ్కో ఇళ్లను షియర్‌వాల్ పద్ధతిలో కట్టారు. ఇటుక గోడలకు బదులు అచ్చులు నిలబెట్టి, గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. బరువు మోసేది గోడే. కాబట్టి కిటికీ కోసమో, అల్మారా కోసమో దాన్ని కొట్టకూడదు. కొత్త వైరు కావాలంటే గోడ మీదుగానే వేసుకోవాలి. బాత్రూం పక్కన చెమ్మ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. ఇవాళ వందల్లో పోయే పని రేపు వేలల్లో పడుతుంది.

కొల్లూరులో దుకాణాలు కట్టి, వాటి కిరాయిని నిర్వహణకు వాడాలని అనుకున్నారు. అది మన మల్గీ ఆలోచనే.

మన జిల్లాల్లో ఇల్లు ఏ పద్ధతిలో కట్టినా మూడు పనులు చేద్దాం. మిరుగు రాకముందే డాబాలు, నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయిద్దాం. కాలనీ పిల్లల్లో ఇద్దరికి ప్లంబింగు, కరెంటు పని నేర్పించి పనిముట్లు ఇప్పిద్దాం. ప్రతి కాలనీకి మరమ్మతు నిధి పెడదాం. అక్కడ అన్ని మతాలవాళ్లూ ఉంటారు, డాబా కారితే అందరికీ కారుతుంది.

దాతలకు ఒక మాట. జకాత్ సొమ్ము అర్హులకు సొంతంగా చేరాలి కాబట్టి, ట్యాంకుకో లిఫ్టుకో నేరుగా పెట్టడం హనఫీ ఫిఖ్‌లో కుదరదు. ఉమ్మడి పనులకు సదఖా వేరుగా రాయించండి. నెల చందా కట్టలేని అర్హురాలైన వితంతువు చేతికి మాత్రం జకాత్ ఇవ్వవచ్చు. సందేహముంటే ఉలమాను అడగండి.

కొత్త ఇంటికి ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. పాత ఇల్లు కారకుండా చూసేవారు కావాలి. అల్లాహ్ మీ దానాన్ని కబూల్ చేయుగాక. ఆమీన్.