హమ్మస్ పళ్లెములో శనగ

లెబనాను భోజనశాలలో మొదట వడ్డించు హమ్మస్‌ను చూచి మనము జంకవలసిన పని లేదు. అరబ్బీ భాషలో ఆ మాటకు అర్థము శనగయే. ఉడికిన కాబూలీ శనగలకు నువ్వుల ముద్ద, నిమ్మరసము, వెల్లుల్లి చేర్చి మెత్తగా నూరి, పైన ఆలివు నూనె పోయుదురు. రొట్టెముక్కతో అద్దుకొని తినవలెను. మన రోటిపచ్చడికి చుట్టమే. మిరపకాయ లేని లోటు మాత్రము మన నాలుకకు తెలియక మానదు!

ఆ గింజకును పటాన్‌చెరువుకును గట్టి సంబంధము కలదు. 1972లో అచట నెలకొన్న అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ముఖ్య పంటలలో శనగ యొకటి. దాని విత్తననిధిలో దేశదేశముల శనగ నమూనాలు 20,000కు పైబడి యున్నవి. త్వరగా పండు రకములు, వానిలో కాబూలీయును, వచ్చిన పిదప ప్రకాశం జిల్లా నల్లరేగడిలో సాగు విస్తరించినది. అయినను 2013 ప్రాంతమున ధర పడిపోయి, రైతుల శనగ శీతల గిడ్డంగులలోనే నిలిచిపోయినది. లెబనాను విందుకు కూర్చున్నపుడు, ఈ శనగ ఏ నేలదని వడ్డించువారిని మనము అడుగవచ్చును.