మాటల చికిత్స ఎవరికి ఫలించును?
(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా సేవలో తరచుగా ఎదురగు ప్రశ్న నొకదానిని మీ ముందుంచుచున్నాము. గుండెదడ, నిద్రలేమి, విడువని భయములతో నెలల తరబడి బాధపడువారిని మానసిక వైద్యుని యొద్దకు వెళ్ళుమని చెప్పుదుము. అప్పుడు ఇంటివారు, "మాట్లాడినంత మాత్రాన తగ్గుతుందా అయ్యగారూ? మా వాడికి పనిచేస్తుందో లేదో ముందే చెప్పండి" అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కొల్లేటి లంక గ్రామము నుండి ఏలూరు వచ్చిన ప్రతిసారి ఆ దినపు కూలి పోవును, ఛార్జీలగును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు భయపడుట జబ్బు కాదు. నీరు తీసి నెలలు గడచినను ఆ భయము నిద్రను, పనిని చెరచుచుండిన యెడల చికిత్స కావలెను. అట్టి ఆందోళన రుగ్మతలకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అను మాటల చికిత్స మంచి పేరు పొందినది. పరిశోధనలను కూర్చి చూడగా, సుమారు సగము మందికి స్పష్టమైన మేలు కనబడినది.

ఆ సగములో ఎవరుందురో మొదటి దినముననే చెప్పుటకు వయస్సుగాని, చదువుగాని, జబ్బు తీవ్రతగాని నమ్మదగిన గుర్తులు కావు. మెదడు స్కానింగులతో, కంప్యూటరు లెక్కలతో ప్రయత్నించుచున్నారు గాని, ఒక్కొక్క రోగిని గూర్చి రూఢిగా చెప్పు స్థితి ఇంకను రాలేదు. కనుక "వీడు బాగుపడడు" అని అరుగుమీద తీర్పు చెప్పువారికి ఆధారము లేదు. "విశ్వాసము చాలలేదు" అనువారికిని లేదు.

చికిత్స మొదలైన తరువాత మాత్రము గుర్తులు అగపడును. చేపల చెరువుల రైతులు ఈ సంగతి ఎరుగుదురు. పిల్లను వదలిన నాడే పట్టుబడి ఎంతో ఎవరును చెప్పలేరు. మధ్య మధ్య వల వేసి, కొన్ని చేపలను తూచి, మేత సంగతి నిర్ణయింతురు. వైద్యులకును అట్టి తూకము కలదు. 2006లో ప్రకటింపబడిన జి.ఎ.డి.-7 అను పట్టికలో ఏడు ప్రశ్నలు. గడచిన రెండు వారముల స్థితినిబట్టి 0 నుండి 21 వరకు మార్కులు. మొదటి కొద్ది వారములలోనే మార్కులు తగ్గినవారు చివరకు బాగుపడు అవకాశము ఎక్కువ. తగ్గనివారికి తలుపు మూయబడినదని కాదు. పద్ధతి మార్చవలెను, మందు చేర్చవలెను, లేదా చాటున నున్న త్రాగుడునో, దిగులునో, థైరాయిడు దోషమునో వెదకవలెను.

రెండవ గుర్తు ఇంటి అభ్యాసము. బస్సు ఎక్కుటకు భయపడు ఒక సహోదరిని తలంచుడి. మొదట ఏలూరు బస్టాండులో కొంతసేపు నిలుచుట, పిమ్మట భీమడోలు వరకు ప్రయాణము, ఆ పిమ్మట ఒంటరిగా తాడేపల్లిగూడెము. ఇట్లు మెట్టు మెట్టుగా భయమును ఎదుర్కొనువారికి మేలు కలుగు అవకాశము హెచ్చు. ఇంటివారు ప్రేమకొద్ది ప్రతిసారి వెంట నడచినచో భయము వేరూనును.

మూడవది, చికిత్స చేయువారిపై గురి, మధ్యలో మానకుండుట. ఇక్కడనే సంఘమునకు పని యున్నది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆందోళన, దిగులు వంటి సామాన్య రుగ్మతలు గలవారిలో సుమారు 85 శాతము మందికి చికిత్సయే అందలేదని తేలినది. ఎవరికి ఫలించునో అని మనము వాదించుకొనుచుండగా, అనేకులు ఆ గుమ్మము వరకే చేరుట లేదు.

కాబట్టి మా మనవి ఇది. బాధపడువారిని ఎగతాళి చేయకుడి. ఛార్జీలు లేనివారికి సంఘము సాయపడవలెను. స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు మొదటి రెండు నెలలు వారిని విడువక పలుకరించుచుండవలెను. వెళ్ళలేనివారు 14416కు ఫోను చేయవచ్చును. 2022లో మొదలైన టెలీ మానస్ అను ఈ ప్రభుత్వ సేవ ఉచితము, రాత్రింబవళ్ళు తెలుగులోనే మాటలాడుదురు. ప్రార్థన చేయుడి, మరుసటి వారపు చికిత్స దినమును కూడ జ్ఞాపకము చేయుడి.